గజ్జల్లో హెర్నియా: కోసి చేయించాలా, కెమెరాతోనా, రోబోతోనా?

రాజాం దగ్గరి ఒక ఊరి నుంచి ఒక అబ్బాయి వాళ్ల నాన్నగారి గురించి అడిగారు. ఆయనకి 58 ఏళ్లు, రైసుమిల్లులో కలాసీ. రెండేళ్లుగా కుడి గజ్జలో వాపు ఉంది. మొదట నిమ్మకాయంత ఉండేది, ఇప్పుడు బత్తాయంత అయింది. పడుకుంటే లోపలికి పోతుంది, బస్తా ఎత్తితే దిగుతుంది. సాయంత్రానికి లాగుతున్నట్టు నొప్పి. షుగర్ ఉంది, చుట్ట అలవాటు ఉంది, రాత్రిళ్లు దగ్గు వస్తుంది. స్కానింగ్‌లో ఎడమవైపు కూడా చిన్న హెర్నియా ఉందని రాశారు. రాజాంలో ఒక డాక్టరు కోసి మెష్, అంటే వల లాంటి ముక్క, వేస్తానన్నారు. విజయనగరంలో ఇంకొకరు ల్యాప్రోస్కోపీ, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసేది, మంచిదన్నారు. విశాఖలో మూడో చోట రోబో అన్నారు. ఫోన్ తెరిస్తే కోత లేని లేజర్ హెర్నియా అంటూ ప్రకటనలు. ఇంట్లోవాళ్లేమో మెష్ లోపల కుళ్లిపోతుందని భయపడుతున్నారు. ఏది చేయించాలి, ధాన్యం సీజన్ అయ్యాక చేయిస్తే పర్వాలేదా అన్నది ఆయన ప్రశ్న.

నేను జనరల్ సర్జన్‌ని. 27 ఏళ్లుగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే పనిచేస్తున్నాను. మొదటి పదేళ్లు కోసి చేయడమే తెలుసు. తర్వాత ల్యాప్రోస్కోపీ నేర్చుకున్నాను. ఇప్పుడు రెండూ చేస్తాను, రోబో చేయను. ముందే ఒక మాట చెప్తాను. మీకు చెప్పిన ముగ్గురిలో ఎవరూ తప్పు చెప్పలేదు. ఆపరేషన్ పేరు పట్టుకుని తేల్చుకోవాలని చూస్తే మీరు తిరుగుతూనే ఉంటారు. మీ నాన్నగారి ఒళ్లు ఏ మత్తుకి తట్టుకుంటుంది, హెర్నియా ఒకవైపా రెండువైపులా, చేసే డాక్టరు చేతికి ఏ పద్ధతి బాగా అలవాటు, ఈ మూడూ తెలిస్తే జవాబు దానంతట అదే వస్తుంది.

అసలు గజ్జలో ఏం జరుగుతుందో ముందు తెలుసుకోండి. కడుపు గోడ అంటే కండరాలు, గట్టి పొరలు. మగబిడ్డ తల్లి కడుపులో ఉన్నప్పుడు వృషణం పొట్టలోంచి కిందికి దిగుతుంది. అది దిగిన దారి మూసుకుపోవాలి. కొందరిలో పూర్తిగా మూసుకోదు, కొందరిలో వయసుతో ఆ చోటి పొర పలచబడుతుంది. అక్కడి నుంచి పేగో, పేగుని కప్పి ఉండే కొవ్వో తోసుకొస్తుంది. బరువులెత్తడం వల్లే వచ్చిందని అందరూ అనుకుంటారు. నేననుకోవడం, బలహీనత ముందే ఉంటుంది, బరువు, దగ్గు, ముక్కడం దాన్ని బయటపెడతాయి. ఇది అరుదైన జబ్బు కూడా కాదు. మగవాళ్లలో నూటికి 27 మందికి, ఆడవాళ్లలో ముగ్గురికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీనికి ఆపరేషన్ చేయాల్సి వస్తుందని లెక్క.

మన వైపు గజ్జలో, కింద సంచిలో ఏ వాపు వచ్చినా వరిబీజం అనేస్తారు, బుడ్డ దిగింది అంటారు. బోదకాలు ఎక్కువగా ఉన్న జిల్లాలు మనవి. దాని వల్ల నీరు చేరే హైడ్రోసీల్ ఇక్కడ చాలామందికి ఉంటుంది, అందుకే ఈ తికమక. నీటి వాపు పడుకున్నా పోదు, దగ్గితే ఎగరదు, టార్చి వేస్తే ఎర్రగా వెలుగుతుంది. హెర్నియా పడుకుంటే వెళ్తుంది, దగ్గితే చేతికి తోస్తుంది. రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు కూడా. మీ నాన్నగారిది మీరు రాసిన తీరు చూస్తే హెర్నియానే. అయినా పరీక్ష చేసే డాక్టరుని, నీరు కూడా ఉందేమో చూడమని అడగండి. ఉంటే ఒకే మత్తులో రెండూ సరిచేయొచ్చు.

ఇక్కడ ఆడవాళ్ల సంగతి ఒకటి చెప్పకుండా ముందుకి పోలేను. గజ్జ ముడతకి కాస్త కింద, తొడ మొదట్లో వచ్చే హెర్నియా ఒకటుంది. ఫీమరల్ హెర్నియా అంటారు. ఆడవాళ్లలో ఎక్కువ. దాని దారి చాలా ఇరుకు, అందుకే పేగు ఇరుక్కునే ప్రమాదం మగవాళ్ల మామూలు హెర్నియా కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. చాలా ఏళ్ల కిందట సోంపేట వైపు నుంచి 60 దాటిన ఒక అమ్మని తీసుకొచ్చారు. గజ్జలో ఉసిరికాయంత గట్టి ముద్ద. అప్పటికి అయిదు రోజులుగా గజ్జల్లో బిళ్ల కట్టిందని చెప్పి యాంటీబయాటిక్ మాత్రలు మింగిస్తున్నారు. మూడో రోజు నుంచి వాంతులు. తెరిచి చూస్తే పేగు నల్లబడిపోయి ఉంది. జానెడు పేగు తీసేయాల్సి వచ్చింది. ఆమె బతికింది, కానీ నెలన్నర మంచానికే ఉండిపోయింది. ముందే ఎవరైనా చేయి పెట్టి చూసి ఉంటే గంట ఆపరేషన్‌తో అయిపోయేది. మీ ఇంట్లో అమ్మకో, అమ్మమ్మకో గజ్జలో బిళ్లలాంటిది ఉంటే సిగ్గుపడకుండా చూపించండి. ఆడవాళ్లకి వాయిదా వేయమని నేను ఎప్పుడూ చెప్పను. వీలైతే ల్యాప్రోస్కోపీతో చేయించమంటాను, ఎందుకంటే లోపలి నుంచి చూస్తే గజ్జలో హెర్నియా రాగల మూడు దారులూ ఒకేసారి కనిపిస్తాయి, ఒకదాన్ని మూసి పక్కదాన్ని వదిలేసే పొరపాటు జరగదు.

మగవాళ్లలో మాత్రం ప్రతి హెర్నియాకీ వెంటనే కత్తి పట్టాల్సిన పని లేదు. 2006లో అమెరికాలో ఒక పరిశోధన ఫలితం వచ్చింది. ఇబ్బంది పెద్దగా లేని 720 మంది మగవాళ్లలో కొందరికి ఆపరేషన్ చేశారు, మిగతావాళ్లని ఊరికే గమనిస్తూ వచ్చారు. గమనించిన వాళ్లలో పేగు ఇరుక్కుని అత్యవసరం కావడం వెయ్యి మందిలో ఏడాదికి ఇద్దరి కంటే తక్కువే. కానీ పదేళ్లు తిరిగేసరికి నూటికి 68 మంది నొప్పి పెరిగి తామే వచ్చి ఆపరేషన్ చేయించుకున్నారు. కాబట్టి నొప్పి లేకపోతే ఆగొచ్చు, కానీ ఎక్కువమందికి చివరికి తప్పదు. ఆ లెక్క కూడా త్వరగా ఆసుపత్రికి చేరగలిగిన వాళ్లకే. భావనపాడు నుంచి గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి రోజుల తరబడి సముద్రం మీద ఉండే మత్స్యకారుడికి ఆ లెక్క వర్తించదు. రోడ్డు సరిగ్గా లేని సీతంపేట కొండల్లో డోలీలో దింపాల్సిన మనిషికీ వర్తించదు. అలాంటివాళ్లని ఆగమని చెప్పడానికి నాకు ధైర్యం చాలదు. మీ నాన్నగారికి నొప్పి ఉంది, రెండేళ్లలో వాపు పెరిగింది, పని బరువుల పని. ఆయనకి చేయించాల్సిందే.

బెల్టు గురించి మీరు అడగలేదు, అయినా ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. హెర్నియా బెల్టు నొక్కి పెడుతుంది తప్ప రంధ్రాన్ని మూయదు. పేగు బయట ఉండగానే బిగిస్తే ప్రమాదం కూడా. ఏళ్ల తరబడి కట్టుకున్న వాళ్లలో లోపల పొరలు అతుక్కుపోయి ఆపరేషన్ కష్టమవుతుంది. కొనకండి.

ఇక మెష్ సంగతి. ఇంట్లోవాళ్ల భయం నాకు కొత్త కాదు. "ఏటి బాబూ, ప్లాస్టిక్ వల లోపల పెడితే కుళ్లిపోదా" అని వారానికి ఒకరైనా అడుగుతారు. ఆ భయం పోవాలంటే మెష్ ఎందుకు వచ్చిందో తెలియాలి.

1880ల్లో ఇటలీలోని పాడువాలో బస్సీని అనే సర్జన్ గజ్జ గోడని కుట్టే పద్ధతి కనిపెట్టారు. అప్పటిదాకా ఆపరేషన్ చేసినా చాలామందికి తిరగబెట్టేది, ఆయన చేతిలో అది బాగా తగ్గింది. వందేళ్లు ప్రపంచమంతా ఆ పద్ధతి, దాని పిల్ల పద్ధతులతోనే నడిచింది. నేను విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో నేర్చుకునే రోజుల్లో కూడా పెద్ద సర్జన్లు చేసేవారు. అందులో చిక్కు ఒకటే. దూరంగా ఉన్న రెండు అంచుల్ని లాగి కలిపి కుట్టాలి. చిరిగిన పంచెని అంచులు లాగి కుడితే ఏమవుతుందో మీకు తెలుసు, కుట్టు పక్కనే మళ్లీ చిరుగుతుంది. పైగా ఆ లాగుడుకి నొప్పి. ఆ లాగుడునే మేము టెన్షన్ అంటాం. 1980ల్లో లాస్ ఏంజెలిస్‌లో లిక్టెన్‌స్టీన్ అనే సర్జన్ అంచుల్ని లాగడం మానేసి, పైన మెష్ ముక్క అతుకు వేయడం మొదలుపెట్టారు. ఒళ్లు మెల్లగా ఆ మెష్ కన్నాల్లోకి పెరిగి, అదీ ఇదీ కలిసి ఒకే గోడ అవుతాయి. ఇప్పుడు కోసి మెష్ వేస్తాం అని మీకు రాజాం డాక్టరు చెప్పింది ఈ పద్ధతే. ఇది పాతదని చిన్నచూపు చూడకండి. ఇప్పటికీ ప్రపంచంలో ఎక్కువగా చేసే గజ్జ హెర్నియా ఆపరేషన్లలో ఇదొకటి.

ఆ మెష్ పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. మీ నాన్నగారు రోజూ మోసే తెల్ల ప్లాస్టిక్ బస్తాల పట్టీలు కూడా అదే జాతి. తేడా ఏమిటంటే ఇది వైద్యానికి తగ్గట్టు శుద్ధి చేసింది, దారం సన్నం, కన్నాలు పెద్దవి, ఒక్క సూక్ష్మక్రిమి లేకుండా ప్యాక్ చేసింది. అది కుళ్లదు. 1960ల నుంచి మనుషుల ఒంట్లో వాడుతున్నారు. చీము పట్టే అవకాశం లేదని అనను, ఉంది, కానీ తక్కువ. షుగర్ అదుపులో లేకపోయినా, చుట్ట మానకపోయినా అది పెరుగుతుంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మెష్ గురించి మన దేశం గర్వపడాల్సిన సంగతి ఒకటుంది. మహారాష్ట్రలోని దోండాయిచా అనే చిన్న ఊళ్లో డాక్టర్ టొంగావ్‌కర్ అనే సర్జన్, ఖరీదైన మెష్ కొనలేని పేదల కోసం దోమతెర గుడ్డని సరిగ్గా శుభ్రం చేసి, స్టెరిలైజ్ చేసి వాడి చూపించారు. తర్వాత ఉగాండాలో 302 మంది మగవాళ్ల మీద ఇలాంటి చవక మెష్‌ని కంపెనీ మెష్‌తో పోల్చి 2016లో ఫలితాలు ప్రకటించారు. ఏడాది తర్వాత చూస్తే రెండిటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇది మీకు ఎందుకు చెప్తున్నానంటే, ఎక్కడైనా చాలా ఖరీదైన మెష్ అయితేనే గ్యారంటీ అని చెప్తే కంగారు పడి అప్పు చేయకండి. మామూలు పాలీప్రొపిలీన్ మెష్, బరువు తక్కువదీ కన్నాలు పెద్దవీ అయితే చాలు.

మెష్ అస్సలు వద్దు అనుకునే వాళ్లకి దారి లేకపోలేదు. పుణెకి చెందిన డాక్టర్ దేశార్డా 2001లో ఒక పద్ధతి ప్రకటించారు. పక్కనే ఉన్న గట్టి పొర నుంచి పట్టీలా ఒక భాగాన్ని తీసి, అతుకు విడదీయకుండానే, బలహీనమైన చోట కుట్టేస్తారు. కెనడాలో షోల్డైస్ పద్ధతి అని ఇంకొకటి, పొరల్ని మడత మీద మడతగా కుట్టేది. ఆ చేయి బాగా తిరిగిన వాళ్ల దగ్గర ఇవి బాగానే నిలబడతాయి. కానీ మొత్తంగా చూస్తే మెష్ వేసినప్పుడే తిరగబెట్టడం తక్కువ. బస్తాలు మోసే మనిషికి నేనైతే మెష్ వేయకుండా చేయను.

ల్యాప్రోస్కోపీకి వద్దాం. బొడ్డు దగ్గర ఒకటి, కింద రెండు, మొత్తం మూడు చిన్న రంధ్రాలు. చివరికి పెట్టేది ఆ మెష్‌నే, కాకపోతే గోడకి బయటివైపు కాకుండా లోపలివైపు. దీని లాభం మన చెరువు గట్టుతో చెప్తే బాగా అర్థమవుతుంది. గట్టుకి గండి పడితే బయటి నుంచి మట్టి వేస్తే నీళ్లు దాన్ని తోసేస్తుంటాయి. నీళ్లవైపు నుంచి పలక అడ్డం పెడితే ఆ నీళ్ల ఒత్తిడే పలకని గట్టుకి అదిమి పెడుతుంది. లోపలి నుంచి వేసిన మెష్ సంగతీ అంతే. దగ్గినా, ముక్కినా కడుపులోని ఒత్తిడి దాన్ని గోడకే నొక్కుతుంది. అయితే మెష్ పెద్దదిగా ఉండాలి, కనీసం 15 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు. నేను చూసిన తిరగబెట్టిన కేసుల్లో చాలావాటికి కారణం చిన్న ముక్క వేయడమో, మెష్ కింది అంచు మడత పడేలా వదిలేయడమో.

ఇందులో రెండు దారులు. ఒకటి టెప్. కడుపు లోపలికి వెళ్లకుండా, కడుపు పొరకీ కండరానికీ మధ్య చోటు చేసుకుని పని ముగించడం. రెండోది టాప్. కడుపులోకి వెళ్లి, లోపలి పొర తెరిచి, మెష్ పరిచి, మళ్లీ ఆ పొర కుట్టేయడం. ఏది మేలని సర్జన్లు సభల్లో గంటలు వాదించుకుంటారు. రోగికి తేలే తేడా చాలా తక్కువ. పేగు ఇరుక్కున్నప్పుడు టాప్ నాకు ఇష్టం, ఎందుకంటే పేగు రంగు కళ్లతో చూసుకోవచ్చు. మిగతా చోట్ల మీ డాక్టరు ఇష్టానికి వదిలేయండి.

ల్యాప్రోస్కోపీతో మొదటి వారాల నొప్పి తక్కువ, పనికి త్వరగా వెళ్లొచ్చు, తిమ్మిరి తక్కువ. రెండువైపులా ఉంటే అవే మూడు రంధ్రాల్లోంచి రెండూ చేసేయొచ్చు. ఇంతకు ముందు కోసి చేసింది తిరగబెడితే కూడా ఇదే మంచిది. పాత గాయం మచ్చలో మళ్లీ వెతికితే వృషణానికి వెళ్లే రక్తనాళాలకి దెబ్బ తగలొచ్చు, వెనక నుంచి వెళ్తే ఆ మచ్చ జోలికే పోనక్కర్లేదు. మరోవైపు దీనికి సాధారణంగా పూర్తి మత్తు కావాలి. ప్రొస్టేట్ మొత్తం తీసేసే ఆపరేషన్ అయినవాళ్లకి, కింది పొట్టకి రేడియేషన్ తీసుకున్నవాళ్లకి, సంచి నిండా దిగి పేగు అతుక్కుపోయిన పెద్ద హెర్నియాకి నేను కోసే చేస్తాను.

ల్యాప్రోస్కోపీ నేర్చుకోవడం కష్టం. టెప్ చేయి కుదరాలంటే 50 నుంచి 100 కేసులు పడతాయని అంతర్జాతీయ మార్గదర్శకాలే చెప్తాయి. నా మొదటి ముప్పైలో రెండు తిరగబెట్టాయి. ఒకాయన కొత్తవలస దగ్గరి టైలరు. ఏడాది తిరక్కముందే వాపుతో వచ్చి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. అందుకే చెప్తున్నాను, పద్ధతి గురించి పది ప్రశ్నలు అడిగే బదులు "ఈ ఆపరేషన్ మీరు నెలకి ఎన్ని చేస్తారు, మొత్తం ఎన్ని చేసి ఉంటారు, ఎన్ని తిరగబెట్టాయి" అని అడగండి. మర్యాదగా అడిగితే ఏ మంచి డాక్టరూ తప్పుగా అనుకోడు. వందల్లో కోసి చేసిన చేయి, పదో పదకొండో ల్యాప్రోస్కోపీ చేస్తున్న చేయి కంటే మీ నాన్నగారికి మేలు. అదే ల్యాప్రోస్కోపీ వందల్లో చేసిన చేయి అయితే నిశ్చింతగా అదే చేయించండి.

రోబో అంటే యంత్రం తనంతట తాను చేయదు. సర్జన్ పక్కన కూర్చుని యంత్రం చేతుల్ని కదుపుతారు. లోపల జరిగేది టాప్ ఆపరేషనే. చూపు స్పష్టంగా ఉంటుంది, కుట్టడం సులువు. కానీ ఒకవైపు మామూలు హెర్నియాకి రోబో వల్ల రోగికి అదనంగా కలిసొచ్చిందేమీ లేదని, ఖర్చు మాత్రం పెరిగిందని 2020లో వచ్చిన ఒక పరిశోధనలో తేలింది. అది 102 మంది మీద చేసిన చిన్న పరిశోధనే, అయినా నా సొంత అభిప్రాయం కూడా అదే. కష్టమైన, పలుమార్లు తిరగబెట్టిన కేసుల్లో దానికి చోటు ఉండొచ్చు. మీ నాన్నగారి కోసం దానికి డబ్బు పెట్టొద్దు.

లేజర్ గురించి ఒక్క మాట చాలు. గజ్జ హెర్నియా అంటే గోడలో కన్నం. లేజర్ కాంతి కన్నాన్ని పూడ్చదు. అలాంటి ప్రకటన చూసి వెళ్లినవాళ్లకి చివరికి చేసేది ల్యాప్రోస్కోపీయో, కోసి మెష్ వేయడమో.

నొప్పి గురించి ఎవరూ ముందు చెప్పరు. అందరూ మళ్లీ వస్తుందా అనే అడుగుతారు. మంచి చేతిలో తిరగబెట్టడం నూటికి ఒకరిద్దరి నుంచి అయిదుగురి లోపే. మూడు నెలలు దాటినా ఏదో ఒక మేరకు నొప్పి ఉండిపోయేది నూటికి 10 నుంచి 12 మందికి. వాళ్లలో చాలామందికి అది పని ఆపేంత కాదు, కానీ కొద్దిమందికి బాగా బాధపెడుతుంది. గజ్జలో మూడు సన్నని నరాలు వెళ్తుంటాయి. కోసి చేసేటప్పుడు ఆ మూడింటినీ గుర్తుపట్టి కాపాడాలి, కుట్టులో పడకూడదు. అందుకే నేను ఆపరేషన్‌కి ముందే, ఇప్పుడు నొప్పి ఎంత ఉంది, ఎక్కడ ఉంది అని అడిగి రాసుకుంటాను. ముందే ఎక్కువ నొప్పి ఉన్నవాళ్లకి తర్వాత కూడా ఉండిపోయే అవకాశం ఎక్కువ. గాయం కింద కొంచెం తిమ్మిరి మాత్రం మామూలే, దానికి భయపడకండి. ఇంకో భయం మగవాళ్లు పైకి చెప్పరు, తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి అడుగుతారు. దాంపత్యానికి ఈ ఆపరేషన్ వల్ల మామూలుగా ఏ ఇబ్బందీ రాదు. మీ నాన్నగారికి ఈ మాట మీరు చెప్పలేకపోతే డాక్టరుతో విడిగా మాట్లాడే అవకాశం ఇవ్వండి.

ఇప్పుడు మీ నాన్నగారి దగ్గరికే వస్తాను. ఎడమవైపు సంగతి తేల్చాలి. స్కానింగ్ కాగితం మీద చిన్న హెర్నియా అని ఉన్నంత మాత్రాన అది హెర్నియా అయిపోదు. నిలబెట్టి, దగ్గించి, డాక్టరు చేత్తో చూసినప్పుడు తోస్తే అది నిజం. చేతికి తగలకపోతే, నొప్పీ లేకపోతే, దాని కోసమే ఆపరేషన్ వద్దు. నిజంగా రెండువైపులా ఉండి, గుండె, ఊపిరితిత్తులు పూర్తి మత్తుకి సరిపోతాయని మత్తు డాక్టరు చెప్తే నా ఓటు విజయనగరం డాక్టరు చెప్పిన ల్యాప్రోస్కోపీకే. కుడివైపు ఒక్కటే అయితే రాజాంలో కోసి చేయించినా అంతే మంచిది. ఆ దగ్గు వెనక ఊపిరితిత్తుల జబ్బు ఉందని తేలితే నేను ఇంకో అడుగు వెనక్కి వేసి, కుడివైపు ఒక్కటే, గజ్జ దగ్గర లోకల్ మత్తు ఇంజెక్షన్‌తో కోసి చేస్తాను. మనిషి మాట్లాడుతూ ఉంటాడు, బల్ల మీదే దగ్గమంటే దగ్గుతాడు, సాయంత్రానికి నడిచి ఇంటికి వెళ్తాడు. మన దగ్గర నడుముకి ఇచ్చే మత్తే ఎక్కువ వాడతారు. అది తప్పు కాదు, కానీ ఈ వయసు మగవాళ్లకి దాని తర్వాత ఒంటికి వెళ్లడం ఆగిపోయి గొట్టం వేయాల్సి రావడం తరచూ చూస్తాను. అందుకే రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, ధార సన్నబడిందా అని ముందే అడగాలి. ప్రొస్టేట్ పెరిగి ఉంటే దానికి మందు మొదలుపెట్టి అప్పుడు హెర్నియా చేయాలి.

చుట్ట ఈ రోజే మానాలి. ఇది మొక్కుబడిగా చెప్పే మాట కాదు. పొగ గాయాన్ని మాననివ్వదు, దగ్గు కొత్త కుట్లని లాగుతుంది. కనీసం నాలుగు వారాలు మానితే తేడా నాకు కళ్లకి కనిపిస్తుంది. మూడు నెలల షుగర్ పరీక్షలో (హెచ్‌బీఏ1సీ) అంకె 8 లోపుకి వచ్చాకే మెష్ వేయడానికి నేను ఒప్పుకుంటాను. కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా చేయించండి. ఉద్దానం వైపు నుంచి వచ్చే ప్రతివాళ్లకీ ఇది నేను తప్పకుండా చేయిస్తాను. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస మనుషుల్లో ఏ లక్షణమూ లేకుండానే కిడ్నీలు దెబ్బతిని ఉండొచ్చు. అలాంటి మనిషికి ఆపరేషన్ తర్వాత అలవాటుగా డైక్లోఫెనాక్ అనే నొప్పి ఇంజెక్షన్లు ఇస్తే గజ్జ బాగుపడి కిడ్నీ పోతుంది. మీది రాజాం అయినా, షుగర్ ఉంది కాబట్టి అడిగి చూసుకోండి. కిడ్నీ సరిగ్గా లేకపోతే పారాసిటమాల్‌తోనే చాలావరకు నెట్టుకురావచ్చు.

డబ్బు సంగతి. మనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏ ఆసుపత్రిలో, ఏ పద్ధతికి వర్తిస్తుందో అక్కడ ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రని అడగండి, చేర్పించే ముందే. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ పెద్దాసుపత్రులకి వెళ్లడానికి వెనకాడొద్దు. గజ్జ హెర్నియా అక్కడి సర్జన్ల రోజువారీ పని. ప్రైవేటులో అయితే ల్యాప్రోస్కోపీ బిల్లులో ట్యాకర్ అనేది ఉందేమో చూడండి. మెష్‌ని గోడకి బిగించే చిన్న మేకుల్లాంటివి, ధర ఎక్కువ. మామూలు సైజు హెర్నియాకి టెప్ చేసేటప్పుడు చాలావరకు అవి అవసరం ఉండవు, రంధ్రం మరీ పెద్దదైతేనే కావాలి. తప్పు చోట కొడితే నొప్పికి అవే కారణమవుతాయి. ఎందుకు వాడుతున్నారో అడగడంలో తప్పు లేదు.

ఆపరేషన్ రోజు సాయంత్రమే లేచి నడవాలి. వారం రోజులు మంచం దిగనివ్వకుండా కాపాడే ఇళ్లు మన వైపు చాలా ఉన్నాయి. ప్రేమతోనే చేస్తారు, కానీ అది కాళ్లలో రక్తం గడ్డకట్టడానికి దారి తీయొచ్చు. పత్యం పేరుతో కూరలు, పప్పు మానిపించకండి. మలబద్ధకం రాకూడదు కాబట్టి ఆకుకూరలు, పళ్లు, నీళ్లు బాగా ఇవ్వండి. సంచి దగ్గర కొంచెం వాపు, నలుపు రంగు మొదటి వారంలో కనిపిస్తే అది చాలావరకు దానంతట అదే తగ్గుతుంది. హెర్నియా ఉన్న చోటే నీరు చేరి ముద్దలా తగిలితే మళ్లీ వచ్చేసిందని ఏడవకండి, చూపించండి. సూదితో తీసేయమని తొందరపడొద్దు, ఎక్కువసార్లు వారాల్లో ఇంకిపోతుంది. జ్వరం, చీము, గాయం ఎర్రబడటం ఉంటే మాత్రం ఆ రోజే రావాలి. సైకిలు, బండి ఎప్పుడంటే, హఠాత్తుగా బ్రేకు తొక్కితే గజ్జలో నొప్పి రానప్పుడు. చిన్న పనులకి వారంలోనే వెళ్లొచ్చు. ఎక్కువ కాలం విశ్రాంతి తీసుకుంటే తిరగబెట్టడం తగ్గుతుందని రుజువు లేదు. అయినా 75 కిలోల ధాన్యం బస్తా విషయంలో నేను జాగ్రత్తపరుణ్ణి. కలాసీలకి ఆరు వారాలు ఆగమంటాను, ఆ తర్వాత పనిలోకి వెళ్లిన మొదటి వారం సగం బరువుతో మొదలుపెట్టమంటాను. మిల్లు మేస్త్రీకి చూపించడానికి ఒక చీటీ రాసిస్తాను. అడిగితే మీ డాక్టరు కూడా రాసిస్తారు.

ఆపరేషన్ అయ్యేలోపు వాపు లోపలికి పోకుండా గట్టిపడి, నొప్పి ఆగకుండా ఉండి, వాంతులు అయినా, గ్యాస్ పోవడం ఆగినా 108కి ఫోన్ చేయండి. నోటితో ఏమీ పెట్టొద్దు. కాపడం వద్దు, నూనె రాసి నొక్కించొద్దు. ఆ పేగుకి గంటల్లో రక్తం ఆగిపోతుంది. తెల్లారనిద్దాం అనుకోకూడదు.

ఇక సీజన్ అయ్యాక చేయిద్దామా అన్నారు. నేను వద్దంటాను. మిల్లుకి ధాన్యం దిగే నెలల్లోనే ఆయన ఎక్కువ బస్తాలు ఎత్తుతారు, హెర్నియా పెరిగేదీ, ఇరుక్కునేదీ అప్పుడే. ఇప్పుడు శ్రావణం నడుస్తోంది. ఈ రోజే చుట్ట మానిపించి, ఈ వారంలోనే షుగర్, క్రియాటినిన్, ఛాతీ ఎక్స్‌రే చేయించండి. నాలుగు వారాల్లో అంకెలు కుదిరితే వినాయక చవితి వెళ్లాక ఆపరేషన్ పెట్టించుకోండి. దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను చూడటానికి తన కాళ్ల మీద తనే రాగలుగుతారు, కాకపోతే ఆ తొక్కిసలాట లోపలికి వెళ్లకుండా దూరంగా నిలబడి చూడమనండి. కార్తీకం చివర్లో కొత్త ధాన్యం మిల్లుకి వచ్చేసరికి ఆరు వారాలు దాటి ఉంటాయి. రిపోర్టులు వచ్చాక అంకెలు ఇక్కడ రాయండి, పేరు, ఫోన్ నంబరు వద్దు. చూసి చెప్తాను.